ముక్కాలిపీట పూర్వవృత్తాంతము

మన మహాసభలయందు రథములను గూర్చియు, దేవాలయ ద్వారబంధములను గూర్చియు తరచుగా ప్రసంగములు జరుగుచుండును. ఇంటిలో నొక మూలనుండి నిత్యము పనిచేయు ముక్కాలిపీటను గూర్చి పలికినవారిని మే మెరుగము. రథము ఏటి కొకమారు కదలును. పీటపై చెంబో, దీపమో, పుస్తకమో ప్రతిదినము నుండును. కావున దాని వృత్తాంతమును మాకు తెలిసినంతవరకు సభ్యులకును, పోషక మహాశయులకును విన్నవించుచున్నాము.

మూడుకాళ్ల బల్ల మిక్కిలి పురాతనమైనది. ప్రాచీన గ్రీకుల కుండలపై భోజనపు బల్ల లనేకము మూడుకాళ్లతోనే చిత్రింపబడినవి. క్రీ.శ. 79లో వెసూవియసు పర్వతము బ్రద్దలై ఇటలీయందలి హెర్క్యులేనియము పట్టణమును పూడ్చివేయగా, అచ్చటి కొయ్యసామాను కాలి బొగ్గై, ఆ రూపముననే నిలిచి, త్రవ్వకములలో బయల్పడెను. అందు మూడుకాళ్ల చిన్న గుండ్రని బల్లయు నున్నది. మూడే కాళ్లేల యని యడుగువారు మట్టినేలపై నాలుగుకాళ్ల పీట నుంచి చూడవలెను. నేల మిట్టపల్లములుగా నున్నచో నాలుగవ కాలు పైకి లేచి పీట ఊగును. మూడుకాళ్లది ఎచ్చట నుంచినను ఊగదు. అయితే కాళ్ల నడిమి త్రికోణమునకు వెలుపల బరువు పడినచో ఒరిగిపోవును గాన, పూర్వులు కాళ్లను వెలుపలికి వాల్చి నిలిపిరి.

టీపాయి యను మాటకును తేనీటికిని మొదట సంబంధమే లేదు. హిందూస్థానీలోని తిపాయి, అనగా ముక్కాలిదే, ఆంగ్లేయుల నోట టీపాయి యయ్యెను. వారు అందు టీ శబ్దమును విని భ్రమించి, 19వ శతాబ్దారంభమున తేయాకు నుంచుకొను కాలుగల పెట్టెలకును ఆ పేరే పెట్టిరి. మన మాట వేషము మార్చుకొని మరల మన యిండ్లకే వచ్చినది. నేడు నాలుగుకాళ్ల దానినిగూడ టీపాయి యనుచున్నాము!

ఈ చిన్నసామాను విషయమున తెలుగుదేశమునకు గొప్ప ఖ్యాతి తెచ్చినది విశాఖపట్టణము. 17వ శతాబ్దాంతము మొదలు అచ్చటివారు ఇరుగుడు, టేకు మున్నగు చేవగల కొయ్యలలో ఏనుగుదంతమును పొదిగి, దానిపై లతలను గీసి, ఆ గీతలలో నల్లని లక్క నింపుచుండిరి. 18వ శతాబ్ది యుత్తరార్ధమున శ్రీగంధపు కొయ్యపై దంతపు రేకులను తాపడము చేయు పద్ధతి ప్రబలెను. మదరాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు వించి మరణానంతరము 1781లో జరిగిన వేలమున, ఇంగ్లాండు రాజగు మూడవ జార్జి ఇట్టి దంతపు సామాను కొనెను. ఈ విశాఖ పనివారు కంసాలులని పరిశోధకు లనుచున్నారు. కొన్న రాజు పేరున్నది, అమ్మిన దొర పేరున్నది. చెక్కినవాని పేరు మాత్రము ఆ సామానుపై సాధారణముగా కానరాదు. ఇది మాకు మిక్కిలి బాధ గొలుపుచున్నది. దంతపు పని పోయినందుకు మాత్రము మేము చింతింపము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1986, 1991లలో వచ్చిన సవరణలచే ఆ వ్యాపారము నిలిచినది; ఏనుగులు బ్రదుకుటయే మేలు.

ఇక నిర్మాణము. మా తాతగారు చేసిన ముక్కాలిపీట మా యింట నున్నది. ఒక్క ఇనుప మేకైనను లేదు. దానిని కొలిచి అటువంటిదే చేయబూనితిమి. పలకను రంపముతో కోసి, చిత్రికపట్టి, మూడు రంధ్రములను వాలుగా తొలిచి, కాళ్ల కొనలను గుండ్రముగా చెక్కి బిగించితిమి. చూచుటకు చక్కగనే యుండెను. వేసవి రాగానే మూడుకాళ్లును వదులై, ఒకనాడు నీళ్లచెంబుతో సహా కూలెను. కారణము తరువాత తెలిసినది. కొయ్య యెండునపుడు నిలువున తగ్గుట అత్యల్పము, అడ్డముననే కుదించుకొనును. మేము బాగుగ నెండిన పలకకు పచ్చికాళ్లను తొడిగితిమి. కాళ్లు సన్నగిల్లెను, రంధ్రములు అట్లే యుండెను. తాతగారు దీనికి విపర్యయముగా, కాళ్లను చక్కగా ఎండనిచ్చి, పలకయందు కొంచెము పచ్చి మిగులనిచ్చిరి కాబోలు. అట్లు చేసినచో పలక యెండుకొలది కాలిని తానే పట్టుకొనును.

మరియొక సూక్ష్మము. కాలి కొనను చీల్చి అందు కొయ్యచీలను దిగగొట్టునపుడు, ఆ చీల పలక పోగునకు అడ్డముగా నుండవలెను. పోగు వెంబడి కొట్టినచో పలకయే చీలును. ఇట్టివి మన పెద్దల చేతులలో నుండెను గాని కాగితముపై నెక్కలేదు. రెండు తరములవారు ఉద్యోగములకు పోగా, మా యింట అడుగుటకు పెద్దలే లేకపోయిరి.

రెండవ పీటను ఈ క్రమముననే చేసితిమి. మూడు వేసవులు గడచినను కాళ్లు కదలలేదు. తాతగారి పీటపై లేని దొకటి దీని యడుగున ఉలితో చెక్కితిమి: చేసినవాని పేరును, సంవత్సరమును.