మెరిట్ కథ – 4: "మీ ఫాదర్ ఏం చేస్తారు?"

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, సాఫ్ట్‌వేర్‌లో కులం ఎక్కడుంది? కోడ్ రాస్తే ఉద్యోగం, రాయకపోతే లేదు. అంతే కదా?" మంచి ప్రశ్నే. కొంచెం వెనక్కి పోదాం.

1945లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్‌కి ప్రోగ్రామింగ్ చేయడానికి తీసుకున్నది ఆరుగురు ఆడవాళ్ళను. అప్పట్లో అది గుమాస్తా పని లెక్క, పేరంతా మెషీన్ కట్టిన మగాళ్ళకే. తర్వాత ఆ పనికి గిరాకీ పెరిగింది. 1955లో ఐబీఎం ఆప్టిట్యూడ్ టెస్ట్ తయారుచేసింది. 1960లలో కానన్, పెర్రీ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 1,378 మంది ప్రోగ్రామర్లను పరిశీలించారు. అందులో ఆడవాళ్ళు 186 మందే. ప్రోగ్రామర్లకు పజిల్స్ అంటే ఇష్టం, మనుషులంటే పెద్దగా ఇష్టముండదు అని తేల్చారు. చూశారా? అప్పటికే కుర్చీల్లో కూర్చున్నోళ్ళ గుణాన్ని కొలిచి, కొత్తగా వచ్చేవాళ్ళకు అదే అర్హత చేశారు. నాథన్ ఎన్స్‌మెంగర్ అనే చరిత్రకారుడు ఇదంతా తవ్వి రాశాడు.

ఇక మన దేశం. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ ఆటవెల్ ఒక పరిశోధన అచ్చేశారు. పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు ఒకటే, ఇంటిపేర్లే వేరు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండొంతులే. ముస్లిం పేరుకి మూడో వంతే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 2009లో అభిజిత్ బెనర్జీ బృందం ఢిల్లీ ప్రాంతంలో ఇలాంటి పరీక్షే పెడితే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కులాన్నిబట్టి చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మనల్ని ఎదిరించేవాళ్ళు దీన్నే చూపిస్తారు. చూపించనివ్వండి. ఆ పరీక్ష ఫోన్ మోగిందా లేదా అన్నచోటే ఆగిపోయింది. రెజ్యూమేకి ముఖం లేదు, యాస లేదు, నాన్న లేడు. గదిలోకి పోయేది మనిషి.

గదిలో ఏం వెతుకుతారో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 25 మంది హెచ్ఆర్ మేనేజర్లనే అడిగారు. అందరూ మెరిట్ జపమే. ఆ నోటితోనే ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ ముఖ్యం అన్నారు. మంచి కుటుంబమైతే మంచి ఉద్యోగి అట! మరి మెరిట్ ఎవరిది, అభ్యర్థిదా, వాళ్ళ నాన్నదా?

అమీర్‌పేటలో కోర్సులు చేసి వచ్చే మన పిల్లలతో నేను కూర్చుంటుంటాను. పక్క కుర్చీలోని అబ్బాయికి "మీ ఫాదర్ ఏం చేస్తారు?" అనేది ఊపిరి పీల్చుకునే ప్రశ్న. "బ్యాంక్ మేనేజర్ సార్" అంటాడు, నవ్వులు, ఏ బ్రాంచ్ అనే కబుర్లు. మా చెల్లి ఒకామె చెప్పింది: "అన్నా, జావా థ్రెడ్స్ అడిగితే తడబడలేదు. నాన్న కూలి అని చెప్పాక మాత్రం గది నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత నా ఇంగ్లీషు కూడా నాకే వినపడలేదు." కంపెనీ వాళ్ళు కారణం ఏం చెప్పారో తెలుసా? కమ్యూనికేషన్ వీక్. పొలంలో కలుపు తీసి ఆమెను ఇంజినీరింగ్ చదివించిన తండ్రి, ఆ గదిలో మైనస్ మార్కు అయ్యాడు.

రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ కొలువుల వరకే. ప్రైవేటు గది తలుపు దగ్గర అది ఆగిపోతుంది. అందుకే మనం అడిగేది చిన్నదే: అందరికీ ఒకేలాంటి ప్రశ్నలు, ముందే రాసిపెట్టినవి, మార్కులు కూడా కాగితం మీద. అమ్మానాన్నల ప్రశ్న ఆ కాగితంలోంచి కొట్టేయండి. హెచ్ఆర్‌లో పనిచేసే మిత్రులు ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. మీ దగ్గర ఆ ప్రశ్నకి ఎన్ని మార్కులో చెప్పండి, పేరు బయటపెట్టను.

వచ్చే ఆదివారం "కల్చర్ ఫిట్" సంగతి.

జై భీమ్.