పీకాలా, ఉంచాలా? - ఓ పుచ్చుపన్ను చరిత్ర

మొన్నామధ్య కుడివైపు దవడ పన్ను ఒకటి, ఎప్పట్నించో పుచ్చిపోయి ఉన్నది, అన్నం తింటుండగా సగం విరిగింది. పళ్ళ డాక్టరు ఎక్స్‌రే తీసి మూడు దారులు చెప్పారు: రూట్ కెనాల్ చేసి క్యాప్ వెయ్యడం, పీకేసి బ్రిడ్జి కట్టడం, పీకేసి ఇంప్లాంట్ పెట్టడం. "మీ ఇష్టం సార్" అన్నారు. నాకేం తెలుసని నా ఇష్టం?

ఇంటికొచ్చి చెప్తే మా నాన్న నవ్వారు. "మా రోజుల్లో ఒకటే ఆప్షన్ రా... నోరు తెరవడం." ఆయనకి నలభై నిండకుండానే నాలుగు దవడ పళ్ళు పోయాయి. ఒక్కసారి కూడా ఎవరూ ఆయన్ని అడగలేదట.

ఈ మూడు దారులూ ఎక్కణ్ణించి వచ్చాయా అని చదవడం మొదలుపెట్టా.

పంట్లో పురుగు పడిందని మన పల్లెల్లో అనేవాళ్ళే, ప్రాచీన బాబిలోన్ వాళ్ళూ అదే అన్నారు. 1728లో ఫ్రాన్సులో పియేర్ ఫొషార్ దంతవైద్యం మీద పెద్ద గ్రంథం రాసి, ఆ పురుగు నాకైతే కనపళ్ళేదని తేల్చాడు. 1846లో బోస్టన్‌లో మోర్టన్ అనే డెంటిస్టు ఈథర్ మత్తు ఇచ్చి చూపించాక, పన్ను పీకించుకోవడానికి భయం తగ్గింది. తర్వాత రబ్బరుతో చౌక కట్టుడు పళ్ళు వచ్చాయి. ఇంకేం, పీకడం సుఖమైపోయింది.

అసలు కథ 1910లో మొదలైంది. విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు కెనడాలోని మాంట్రియల్‌లో ఉపన్యసిస్తూ, కుళ్ళిన వేర్ల మీద బంగారు క్యాపులు కట్టి ఒళ్ళంతా జబ్బులు పాకిస్తున్నారని డెంటిస్టుల్ని కడిగేశాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ జనం దాన్ని ఎంత దూరం లాగారంటే, కీళ్ళ నొప్పులొచ్చినా పళ్ళదే తప్పు, పీకెయ్యండి! న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలలో హెన్రీ కాటన్ అనే డాక్టరు పిచ్చి తగ్గుతుందని రోగుల పళ్ళు పీకించాడు. సొంత పిల్లల పళ్ళు కూడా వదల్లేదు. అంటే ఆయన మోసగాడు కాదు, మనస్ఫూర్తిగా నమ్మాడు. నన్ను భయపెట్టింది అదే.

ఎదురు నిలిచినవాళ్ళూ ఉన్నారు. పంటి ఎక్స్‌రేని మొదట వాడినవాళ్ళలో ఒకడైన ఎడ్మండ్ కెల్స్, ఆ ఎక్స్‌రే చూపించి అనవసరంగా పళ్ళు పీకడం మీద గట్టిగా పోరాడాడు. 1938లో సెసిల్, ఆంజెవైన్ అనే వైద్యులు కీళ్ళవాత రోగుల్ని పరిశీలించి, పళ్ళు పీకినందువల్ల లాభం కనపడలేదన్నారు. రూట్ కెనాల్‌కి మళ్ళీ గౌరవం వచ్చింది. 1963లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దాన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించింది. రెండేళ్ళకి, 1965లో, స్వీడన్‌లో బ్రానెమార్క్ ఎముకతో అతుక్కుపోయే టైటానియం ఇంప్లాంట్లు మొదటిసారి మనిషికి పెట్టాడు. దాంతో పీకడానికి మళ్ళీ ఓ మంచి కారణం దొరికింది!

మన దేశంలో 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స ఏమిటో, వేరే దారులేమున్నాయో, ప్రమాదాలేమిటో, వద్దంటే ఏమవుతుందో రోగికి చెప్పి తీరాలంది.

చెప్పడం సరే, ఎలా చెప్తారన్నదే అసలు సంగతి. మనం మాత్రం తక్కువా? క్లయింటుకి మూడు ఆప్షన్లిచ్చి, మనకిష్టమైనది ఒప్పుకునేలా ఎస్టిమేట్లు సర్దడం నేనూ చేశాను. ఆ రోజు డాక్టరు కుర్చీలో కూర్చున్నాకే అవతలివాడి గతేమిటో అర్థమైంది.

అందుకే మళ్ళీ వెళ్ళి నాలుగే ప్రశ్నలడిగా. చిగురు పైన క్యాప్ పట్టుకునేంత గట్టి పన్ను మిగిలిందా? పగులు వేరులోకి దిగిందా? ఏమీ చెయ్యకపోతే ఏమవుతుంది? ఇప్పుడు చేసింది ఫెయిలైతే తర్వాత ఏ దారి మిగులుతుంది? డాక్టరు విసుక్కోలేదు, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. పగులు వేరుదాకా వెళ్ళుంటే పీకడమే మేలట. నాది వెళ్ళలేదు. రూట్ కెనాల్ దెబ్బతిన్నా ఇంప్లాంట్ ఎటూ ఉంటుంది. పీకిన పన్నుకి మాత్రం రోల్‌బ్యాక్ లేదు.

పన్ను ఉంచుకున్నా. నాన్నకి ఆ బొమ్మ చూపిస్తే చాలాసేపు చూసి, "నాకూ ఎవరైనా ఇలా గీసి చూపించుంటే రెండన్నా మిగిలేవేమో" అన్నారు.