వైట్‌చాపెల్ హత్యలు: ఒక శాలువా, ఒక జాబితా

అపరాధ పరిశోధన పుస్తకాలు చదివే అలవాటున్నవారికి జాక్ ది రిప్పర్ పేరు ఏదో ఒకనాడు ఎదురుకాక తప్పదు. నాకు విద్యార్థి దశలోనే ఎదురయింది. హంతకుడెవరో తేలలేదన్న మాటే అప్పట్లో నన్ను ఆకర్షించింది. డీఎన్ఏ పరీక్షతో ఆ రహస్యం వీడిపోయిందన్న వార్త ఈమధ్య మళ్ళీ కంటబడింది. ఆ వాదనలో బలమెంతో నిదానంగా చూద్దామని కూర్చున్నాను.

1888 ఆగస్టు 31 నుంచి నవంబరు 9 లోపు లండన్ తూర్పు ప్రాంతపు పేదవాడల్లో ఐదుగురు స్త్రీలు హత్యకు గురయ్యారు. మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. ఈ ఐదూ ఒకడి పనేనని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. జాక్ ది రిప్పర్ అన్నది ఒక వార్తాసంస్థకు అందిన ఉత్తరం కింది సంతకం మాత్రమే. దాన్ని ఎవరో పాత్రికేయుడే పుట్టించి ఉంటాడని నాటి పోలీసు అధికారులే అనుమానించారు.

ఆనాటి పోలీసులను అసమర్థులని తీసిపారేయటం సులభం. కానీ వారి చేతిలో ఏముంది? మనిషి రక్తాన్ని జంతువు రక్తం నుంచి వేరుచేసే పరీక్ష 1901లో గానీ రాలేదు. మన దేశంలో విలియం హెర్షెల్ 1858లోనే ఒప్పందపత్రం మీద చేతిముద్ర వేయించుకున్నా, స్కాట్లండ్ యార్డులో వేలిముద్రల విభాగం ఏర్పడింది కూడా 1901లోనే. పైగా ఉన్న ఆధారాలూ నిలవలేదు. నికోల్స్ దేహాన్ని వైద్యుడు పూర్తిగా పరీక్షించకముందే కడిగేశారు. ఎడోస్ హత్య జరిగిన రాత్రి గౌల్‌స్టన్ వీధి గోడమీద కనిపించిన సుద్దరాతను, యూదులపై అల్లర్లు చెలరేగుతాయన్న భయంతో, ఫొటో తీయకముందే కమిషనర్ చార్లెస్ వారెన్ చెరిపించివేశాడు.

ఇక శాలువా సంగతి. ఇది ఎడోస్ దేహం దగ్గర దొరికిందనీ, ఒక పోలీసు ఉద్యోగి దాన్ని ఇంటికి తీసుకుపోయాడనీ అతని వంశీకుల కథనం. రస్సెల్ ఎడ్వర్డ్స్ 2007లో దాన్ని వేలంలో కొన్నాడు. దాని మరకల్లోని మైటోకాండ్రియా డీఎన్ఏ ఎడోస్ వంశీకురాలితోనూ, అనుమానితుడు ఆరన్ కోస్మిన్‌స్కీ సోదరి వంశీకురాలితోనూ సరిపోలిందని 2014లో పుస్తకం ప్రకటించాడు. 2019లో ఆ పరీక్షలపై శాస్త్రపత్రమూ వెలువడింది.

అయితే మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచి బిడ్డలకు తరతరాలుగా దాదాపు మార్పు లేకుండా సంక్రమిస్తుంది. ఒకే అమరిక వేలమందిలో ఉండవచ్చు. అది ఒకణ్ణి అనుమానితుల జాబితా నుంచి తీసివేయగలదే గాని, వీడే హంతకుడని వేలెత్తి చూపలేదు. 2014లో అత్యంత అరుదైనదని చెప్పిన మార్పు, నిజానికి యూరపు సంతతివారిలో నూటికి తొంభైతొమ్మిది మందిలో ఉండేదేననీ, దాని సంఖ్యను తప్పుగా రాశారనీ తోటి శాస్త్రజ్ఞులు చూపించారు. 2019 పత్రంలో డీఎన్ఏ వరుసల అక్షరాలకు బదులు రంగు గడులు వేశారు. సరిచూసుకునే వీలే లేకపోతే అది రుజువెలా అవుతుంది?

డీఎన్ఏ శక్తి మీద నాకు సందేహం లేదు. హైదరాబాదు సీసీఎంబీలో లాల్జీ సింగ్ గారి కృషి వల్ల ఆ విద్య మనకూ పరిచితమే. రిప్పర్ హత్యలు జరిగిన సరిగ్గా నూరేళ్ళకు, 1988లో, ఇంగ్లండులోనే కోలిన్ పిచ్‌ఫోర్క్ అనే హంతకుడికి డీఎన్ఏ ఆధారంతో శిక్షపడింది. అంతకుముందు అదే పరీక్ష, నేరం ఒప్పుకున్న ఒక యువకుణ్ణి నిర్దోషిగా తేల్చింది. అక్కడ నమూనాలు మొదటినుంచీ భద్రంగా ఉన్నాయి. ఇక్కడ ఉన్నది నూరేళ్ళకు పైగా చేతులు మారిన ఒక గుడ్డ.

కోస్మిన్‌స్కీ పోలండు నుంచి వలసవచ్చిన పేద యూదుడు, మంగలి. 1891లో పిచ్చాసుపత్రిలో చేరి, 1919లో మరణించాడు. ఏ న్యాయస్థానమూ అతన్ని విచారించలేదు. జవాబు చెప్పుకోలేనివాడి మీద నేరం మోపేటప్పుడు మన తూకం మరింత కచ్చితంగా ఉండాలి కదా!

ఎడోస్ దగ్గర దొరికిన వస్తువులను పోలీసులు ఆనాడే ఒక్కొక్కటిగా రాసిపెట్టారు. టీపొడి ఒక డబ్బీలో, పంచదార మరొకదానిలో, సబ్బుముక్క, దువ్వెన, చెంచా, గుడ్డపీలికలు, ఎర్రని చేతితొడుగు ఒకటి, అదీ జతలేనిది. ఆమె ఇల్లంతా ఆమె ఒంటిమీదే ఉంది. చేతితొడుగును కూడా వదలని ఆ జాబితాలో శాలువా ప్రస్తావన లేదు.

హంతకుడి పేరు కోసం మొదలుపెట్టిన చదువు నన్ను ఆ జాబితా దగ్గర ఆపేసింది. అతనెవరో ఇక తేలకపోవచ్చు. ఆమె ఎవరో మాత్రం అందులో ఉంది.