శేషం రాయడం మరువకండి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. ఇంజనీరును కాబట్టి కంప్యూటర్ల గురించి రాస్తాననుకుని ఉంటారు. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చింది మన బడి వరండాలో పలక మీద చేసిన భాగహారం.

మొదట చిన్న భాగహారం. 952ను 7తో భాగించాలంటే గీత కింద జవాబు 136 ఒక్కటే రాయాలి. మిగిలిన 2, 4 మనసులోనే పక్క అంకెకు చేర్చుకోవాలి. విభాజకం రెండంకెలైతే మనసు చాలదు, తీసివేతలన్నీ మెట్లు మెట్లుగా కిందికి దిగాలి. ఎన్నిసార్లు పోతుందో అంచనా వేయడం, గుణించడం, తీసేయడం, పై అంకెను దించుకోవడం. అంచనా తప్పితే ఉమ్మితో తుడిచి మళ్లీ మొదలు. చివర సార్ అడిగే ప్రశ్న ఒకటే: "సరిచూసినవా?" విభాజకాన్ని భాగఫలంతో గుణించి శేషం కలిపితే విభాజ్యం రావాలి.

ఈ లెక్క మనకు కొత్తది కాదు. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. అందులోని ఎనిమిది పరికర్మల్లో భాగహారం ఒకటి. రెండు సంఖ్యల్లోని సామాన్య కారణాంకాలను ముందే తీసేసి భాగించమన్నాడాయన. 11వ శతాబ్దివాడని చెప్పే పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మెట్లుగా రాసే నేటి పద్ధతి 1491లో ఫ్లోరెన్స్‌లో అచ్చయిన ఫిలిప్పో కలాండ్రి పుస్తకంలో కనిపిస్తుంది.

మా నాయన చదివింది నిజాం కాలపు ఉర్దూ బడిలో. ఆయనకు భాగహారమంటే 'తక్సీం'. రూపాయలు, అణాలు కలిపి భాగించేవారు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాక మా తరానికి అణాల బాధ తప్పింది గానీ గుంటల బాధ తప్పలేదు.

నేను ఐదో తరగతిలో ఉండగా శామీర్‌పేట దిక్కున్న మా 3 ఎకరాల 15 గుంటలు నలుగురు అన్నదమ్ములు పంచుకున్నారు. లెక్క నన్ను చెయ్యమన్నారు. ఎకరానికి 40 గుంటల చొప్పున 135 గుంటలు. 4తో భాగిస్తే తలా 33, శేషం 3. గుంటకు 121 గజాలు కాబట్టి ఆ మూడూ 363 గజాలు. భాగిస్తే తలా 90, శేషం మళ్లీ 3. నాయన తక్సీం చేసి సరిచూసి, "మిగిలిన మూడు గజాలు ఎవరికిరా?" అన్నారు. నాకు తోచలేదు. పెదనాయనే చెప్పారు: "బాయి కాడికి బాట కావాలె గద, ఆడ ఉండనియ్యిన్రి."

ఉద్యోగంలో చేరాక ఈ పాఠం విలువ మరోసారి తెలిసింది. 1994లో ఇంటెల్ పెంటియం చిప్‌లో భాగహారం తప్పుతున్నదని అమెరికాలో లెక్కల ప్రొఫెసర్ థామస్ నైస్లీ బయటపెట్టాడు. ఆ చిప్ కూడా మనలాగే భాగఫలంలో ఒక్కో అంకెనూ అంచనా వేస్తుంది, ఎక్కాల బదులు ఒక పట్టిక చూసి. ఆ పట్టికలో ఐదు గడులు ఖాళీగా ఉండిపోయాయి. 4195835ను 3145727తో భాగించి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ 3145727తో గుణించి, 4195835 నుంచి తీసేస్తే సున్నా రావాలి. వచ్చింది 256! మన సార్ అడిగిన ప్రశ్నే దాన్ని పట్టిచ్చింది. చిప్‌లు మార్చివ్వడానికి కంపెనీ 47.5 కోట్ల డాలర్లు ఖర్చు కింద రాసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేటల్లో పొలాలు వెంచర్లయ్యాయి. మా భూమి అమ్మేనాడు పిల్లలు ఫోన్‌లో 16335 గజాలను 4తో భాగించారు. 4083.75 వచ్చింది. శేషమే లేదు! ఆ ముప్పావు గజం దగ్గరే మాటా మాటా పెరిగింది. బాయి బాట సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఫోన్ లెక్క తప్పని నేననను. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే: పిల్లల చేత ఒక్క ఏడాదైనా చేత్తో భాగహారం చేయించండి. సరిచూడమనండి. శేషం రాయమనండి. అది ఎవరిదని కూడా అడగండి.