పూర్వనిర్ణయ ప్రామాణ్యం – అమరావతి దత్తవివాదం

ఒక వివాదంలో వెలువడిన నిర్ణయం మరొక వివాదానికి ప్రమాణం కాగలదా? ఈ ప్రశ్నకు మీమాంసాశాస్త్రం ఏనాడో మార్గం చూపింది. జైమిని సూత్రాలను వ్యాఖ్యానించిన ఆచార్యులు ప్రతి విచారణను ఒక అధికరణంగా నిలిపారు. విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అనేవి దాని అంగాలు. ఒక వాక్యాన్ని గురించి స్థిరపడిన సిద్ధాంతంలోని యుక్తికి ‘న్యాయం’ అని పేరు. ఆ యుక్తి అన్వయించే ప్రతిచోటా ఆ న్యాయం ప్రవర్తిస్తుంది, అన్వయించనిచోట ప్రవర్తించదు.

ధర్మశాస్త్రాలు వ్యవహారంలో గెలిచినవానికి జయపత్రం ఇవ్వాలని విధించాయి. అది ఆ వాదిప్రతివాదులకు సంబంధించినది. తరువాతివారికి ప్రమాణం మాత్రం స్మృతి, ఆచారం, యుక్తి. ఆంగ్లేయుల పాలనలో ఈ స్థితి మారింది. ఆ మార్పులో తెలుగు సీమకు చెందిన ఒక కుటుంబ వివాదానికి ముఖ్యస్థానం ఉన్నది.

నేడు పల్నాడు జిల్లాలో ఉన్న అమరావతిని రాజధానిగా చేసుకొని, అమరేశ్వరస్వామి ఆలయాన్ని ఉద్ధరించిన ప్రభువు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. ఔరస సంతానం లేని ఆయన మొదట జగన్నాథబాబును దత్తు తీసుకొన్నారు. ఆ దత్తపుత్రుడు జీవించి ఉండగానే రామనాథబాబును కూడా స్వీకరించారు. 1816లో వేంకటాద్రి నాయుడు పరమపదించిన పిమ్మట వారసత్వ వివాదం చెలరేగి, దశాబ్దాలపాటు సాగి, చివరకు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు చేరింది. న్యాయగ్రంథాలలో ఇది ‘రంగమ్మ – అచ్చమ్మ’ వ్యాజ్యంగా ప్రసిద్ధం.

పుత్రప్రతినిధిని స్వీకరించే అధికారం అపుత్రునికే అని స్మృతివచనం. దత్తుడు వచ్చిన క్షణంలోనే తండ్రి పుత్రవంతుడైనాడు గదా! ఇక రెండవ స్వీకారానికి అధికారం ఎక్కడిది? గ్రంథాలను, పండితుల అభిప్రాయాలను పరిశీలించిన ప్రివీ కౌన్సిల్, మొదటి దత్తుడు ఉండగా చేసిన రెండవ దత్తత చెల్లదని 1840ల దశకంలో నిర్ణయించింది. ఒక రాజగృహంలో కుమారునిగా పెరిగినవాడు శాస్త్రదృష్టిలో కుమారుడు కాకపోయాడు. నిర్ణయం ఎంత కఠినమైనా, దాని మూలంలోని యుక్తి స్పష్టం.

అటుపిమ్మట ఈ తీర్పే దేశమంతటా ప్రమాణమైంది. 1864లో న్యాయస్థానాల పండితపదవులు రద్దయ్యాయి. స్మృతిని ప్రత్యక్షంగా చదివి చెప్పేవారు తప్పుకోగా, స్మృతిని గురించి న్యాయమూర్తులు పూర్వం చెప్పినదే ముందుకు వచ్చింది. ఇందులో నష్టం లేకపోలేదు. మూలం వెనుకకు పోయి, అనువాదం మీద ఆధారపడిన తీర్పు ఒకటి తప్పయితే, దానిని అనుసరించినవన్నీ తప్పవుతాయి. లాభమూ ఉన్నది. సమానమైన వివాదాలకు సమానమైన నిర్ణయం లభిస్తుంది. బలవంతునికొక ధర్మం, బలహీనునికొక ధర్మం అనే స్థితికి అడ్డు ఏర్పడుతుంది.

ఏకైకపుత్రుని దత్తు ఇవ్వరాదని వసిష్ఠస్మృతి చెబుతున్నది. అమరావతి తీర్పును చూపి ఆ దత్తత కూడా చెల్లదనవచ్చునా? దీనిపై ఉన్నత న్యాయస్థానాలు పరస్పర విరుద్ధంగా పలికాయి. 1899లో ఒక తెలుగు కుటుంబపు వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ ఈ విరోధాన్ని పరిహరించింది. ఆ నిషేధం దాతకు దోషాన్ని చెబుతుందే తప్ప జరిగిన దత్తతను రద్దు చేయదని తేల్చింది. అమరావతి విషయంలో అధికారమే లేదు. ఇక్కడ అధికారం ఉండి దోషం మాత్రం ఉన్నది. బాహ్యసాదృశ్యం చాలదు, యుక్తిసాదృశ్యం కావాలి.

నేడు భారత రాజ్యాంగపు 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయం దేశంలోని న్యాయస్థానాలన్నింటికీ శిరోధార్యం. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసినపుడు, అంతకుముందటి మద్రాసు హైకోర్టు తీర్పులకు తాను కట్టుబడవలెనా అనే సంశయం కలిగింది. కట్టుబడవలెననే పూర్ణ ధర్మాసనం నిర్ణయించింది. అయితే తీర్పులోని ప్రతి వాక్యమూ బంధకం కాదు. నిర్ణయానికి ఆధారమైన భాగం విధివాక్యం వంటిది. ప్రసంగవశాత్తు పలికినది అర్థవాదం వంటిది.

కుమారుడు జీవించి ఉండగా మరొక కుమారుని దత్తు తీసుకోరాదని 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం శాసించింది. ఔరసుడైనా దత్తుడైనా నియమం ఒక్కటే. అమరావతి వివాదంలో గెలిచిన యుక్తి ఆ విధంగా శాసనమైంది.

పూర్వుల వచనాన్ని శిరసావహించడం శ్రద్ధ. ఏ హేతువుతో పలికారో తెలుసుకొని అనుసరించడం వివేకం. జిజ్ఞాసువుకు రెండూ అవసరం.