ఆకాశమే నాయకుడైన చిత్రములు

మన ఆలంకారికులు రసమునకు విభావములు రెండని చెప్పిరి. నాయికానాయకులు ఆలంబనము, చంద్రోదయము, మలయమారుతము, మేఘములు మున్నగునవి ఉద్దీపనము. అనగా ప్రకృతి భావమును రగిలించునదే గాని, దానికి తానే ఆధారము కాదు. ఐరోపా చిత్రకళయందును కొండలు, నదులు చాలకాలము పురాణపురుషుల వెనుక తెరలుగా నుండెను. 17వ శతాబ్ది డచ్చి చిత్రకారులు వానికి స్వతంత్రస్థాన మిచ్చిరి. 19వ శతాబ్ది వారు ఆకాశమునకే నాయకత్వము కట్టబెట్టిరి.

జర్మనీ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1808-10 నడుమ వేసిన యొక చిత్రములో సముద్రతీరమున ఒక సన్యాసి మనకు వీపు త్రిప్పి నిలిచియుండును. తక్కిన దాదాపు అంతయు ఆకాశమే. చూపరి మనసున కలుగు ఏకాంతభావము ఆతని ముఖమునుండి కాదు, ఆ శూన్యమునుండి వచ్చును. ఇంగ్లండులో కాన్‌స్టేబుల్ 1821, 22 సంవత్సరములలో హాంప్‌స్టెడ్‌లో మేఘములను చిత్రించి, పలు చిత్రముల వెనుక తేదీ, వేళ, గాలి దిక్కు వ్రాసికొనెను. భావమును పలికించుటకు ఆకాశమే ముఖ్యమని ఆతని విశ్వాసము. టర్నరు 1844లో ప్రదర్శించిన చిత్రములో థేమ్సు వంతెనపై రైలు వానలో, ఆవిరిలో కరగిపోవును. శ్రావణమాసపు జడివానలో గోదావరి వంతెనపై రైలును చూచినవారికి ఆ చిత్రమునకు వ్యాఖ్యాన మక్కరలేదు.

ఈ చూపు గోదావరికిని చేరినది. 20వ శతాబ్ది తొలి దశకములలో రాజమహేంద్రవరము ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రే దొర తానును చిత్రకారుడు. దామెర్ల రామారావు ప్రతిభను బాల్యముననే గుర్తించి ప్రోత్సహించినవా డాయనయే. 1916లో రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు వెడలెను. మూర్తిచిత్రములతో పాటు ప్రకృతిదృశ్యములను గూడ నీటిరంగులలో వేసెను. నీటిరంగులలో వెలుగునకు వేరే రంగు పూయనక్కరలేదు. పూయక విడిచిన కాగితమే వెలుగు. తడి గాలిని, మంచును, నదిపై కాంతిని పట్టుటకు ఇంతకు మించిన సాధనము లేదని మేము భావింతుము. 1925లో మశూచికము రామారావును 27వ యేటనే కొనిపోయినది. ఆయన పేర రాజమహేంద్రవరమున చిత్రశాల కలదు.

గౌతమీ వసిష్ఠల నడుమ నున్న కొత్తపేటవంటి సీమలో కన్ను నిలుపుటకు కొండ లేదు. కొబ్బరితోటల వరుస దాటినచో వరిచేలు, కాలువనీరు, వానిపై విస్తారమైన ఆకాశము. మనకు కథ లేనిదే చిత్రము లేదను అలవాటు ఇంకను పోలేదు. కాని ఇట్టి నేలను చిత్రించువాడు గాలిని, వెలుగును చిత్రింపక తప్పదు. ఉద్దీపనమే ఆలంబనమగుట ఇచట సిద్ధాంతము కాదు; అనుదినము కన్నులకు కట్టు సత్యము.