ఎర్రబోరు పేరులోని బండి ఱ

ఆంగ్లము నేర్చుకొను పిల్లలకు తొలుత అడ్డుపడునవి నైట్, లైట్, రైట్, సైట్ వంటి మాటలు. వీనిలో ప్రతిదానియందును జి, హెచ్ అను రెండక్షరములు జంటగా నిలిచియుండును. నోట మాత్రము పలుకవు. పలుకని అక్షరములను వ్రాయుట ఎందుకని పిల్లవాడు అడుగును. ఒకప్పుడవి పలికినవే యనుట దానికి సమాధానము. ఆంగ్లమునకు తోబుట్టువైన జర్మను భాషలో రాత్రిని నాఖ్ట్ అనియు, వెలుగును లిఖ్ట్ అనియు నేటికిని అందురు. ఆంగ్లేయుల నోటినుండి జారిపోయిన ధ్వని వారి వ్రాతలో గుర్తుగా మిగిలినది.

మన తెలుగునందును ఇట్టి చరిత్ర గల అక్షరమొకటి కలదు. అదియే బండి ఱ. పండితులు దీనిని శకటరేఫమనియు, మామూలు ర కారమును సాధురేఫమనియు వ్యవహరింతురు. ఆంగ్లేయులు ధ్వనిని విడిచి అక్షరమును నిలుపుకొనిరి. మనము ముందు ధ్వనిని, పిదప అక్షరమును కూడ విడిచితిమి. విడిచినదానితో పాటు మనకు దూరమైనదేమో తెలిసికొనుటకు బస్తరు సీమలోని యొక ఊరి పేరు దారి చూపును.

ఆ ఊరు ఎర్రబోరు. జగదల్పూరునుండి సుక్మా, దోర్నపాల్ మీదుగా కోంటాకు, అటనుండి భద్రాచలము వైపునకు సాగు రహదారిపై ఇది యున్నది. 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలోనిది. ఆ ప్రాంతపు దోర్లా జనుల పలుకు కోయభాషకు చేరినదై, తెలుగు మాటలను విరివిగా కలుపుకొన్నది. ఊరి పేరును హిందీలో నాగరి లిపియందు వ్రాయుదురు. ఏ లిపిలో వ్రాసినను, ఆ పేరు వినబడగానే తెలుగువాని చెవికి ముందుగా తోచునది ఎరుపు. ఆ ఎరుపును మన పూర్వులు ఎఱుపు అని, ఎర్రను ఎఱ్ఱ అని బండి ఱ తోనే వ్రాసిరి. భారతమున అరణ్యపర్వశేషమును పూరించిన మహాకవి పేరును ఎఱ్ఱనయే.

ఈ రెండు రేఫములును వట్టి వ్రాతభేదములు కావు. వేరు అనగా చెట్టు వేరు. వేఱు అనగా భిన్నము. ఊరు అనగా గ్రామము. ఊఱు అనగా ద్రవము స్రవించుట, నానుట. ఏరు అనగా నాగలి. ఏఱు అనగా నది. అరుగు అనగా వెళ్లుట. అఱుగు అనగా జీర్ణమగుట. పై జంటలను నేడు ఒక్కతీరుననే వ్రాయుచున్నాము. అందుచేత ఊరగాయకు ఊరితో సంబంధము కలదేమో యని పిల్లలకు తోచిన ఆశ్చర్యము లేదు. ఊఱగాయ యని వ్రాసియున్న, ఉప్పులో, నూనెలో ఊఱిన కాయ యని ఆ మాటయే చెప్పియుండెడిది.

బండి ఱ ఇరుగుపొరుగు భాషలతో మన చుట్టరికమును గూడ తెలుపును. నూఱు, వేఱు అను మాటలు తమిళమునందును ఆ గట్టి ఱ తోనే యున్నవి. మన గొఱ్ఱె తమిళుల కొఱి; మన వెఱ్ఱి వారి వెఱి; మన చెఱువు కన్నడిగుల కెఱె. మలయాళీలు నేటికిని ఈ రెండు రేఫములను నోట స్పష్టముగా వేరుపరచి పలుకుదురు. బస్తరు గోండుల భాషలో నీటిని ఏర్ అందురు. అది మన ఏఱునకు చుట్టమని భాషావేత్తల మతము. ఎర్రబోరు ప్రాంతమునకు తూర్పున పారు శబరి కూనవరము కడ గోదావరిలో కలియును. మనకు ఏఱైనది గోండునకు ఏర్ అయినది. మాట యొక్కటే, అర్థము మాత్రము నదినుండి నీటికి జరిగినది.

ఈ సీమలో తెలుగు అక్షరము క్రొత్తగా వచ్చి చేరినది కాదు. ఛిందక నాగుల కాలమున, జగదేకభూషణుని సామంతుడగు చంద్రాదిత్యుడు బారసూరులో శివాలయమును, చెఱువును నిర్మించి వేయించిన శాసనము తెలుగున నున్నది. దాని కాలము క్రీ.శ. 1060 ప్రాంతము. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని యాస్థానమందు నన్నయ భారతమును తెనిగించిన కాలమును ఇంచుమించుగా అదియే. నన్నయ తిక్కనాదులు ప్రాసస్థానమున ఈ రెండు రేఫములను కలుపలేదు; వారి చెవికి అవి రెండు ధ్వనులు. ఓరుగల్లు పతనమైన 1323 తరువాత కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు బస్తరున రాజ్యము స్థాపించెనని ప్రతీతి. కాని ఆ వంశమువాడగు దిక్పాలదేవుని 1703 నాటి దంతెవాడ శాసనము సంస్కృతమునను, హిందీ సంబంధమైన దేశభాషయందును ఉన్నది. ఇంచుమించు ఆరున్నర శతాబ్దులలో రాతిపై భాషయే మారిపోయినది.

అక్షరము విషయమునను అట్లే జరిగినది. నోట భేదము చెరగిన కొలదిని కవులు రెండు రేఫములను కలుపజొచ్చిరి. ఏ మాటకు ఏ రేఫమో తెలియుటకు 17వ శతాబ్దిలో అప్పకవి పట్టికలు కూర్పవలసివచ్చినది. చెవికి తెలిసియున్నచో పట్టికతో పని యేమి? పట్టిక పుట్టినదన్న ధ్వని పోయినదన్నమాటయే. అయినను అది కొండలలో పూర్తిగా చావలేదు. విశాఖ మన్యమందలి కొండ భాషలో, దీనికే కూబి యని పేరు, రెండు రేఫములు నేటికిని వేరువేరుగా నున్నవని భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో ప్రకటించిన గ్రంథమున నిరూపించిరి. గ్రంథములు గల మనము పోగొట్టుకొన్న దానిని, లిపి లేని ఆ జనులు నోటనే కాపాడుకొనిరి.

పోయిన ధ్వనిని మరల తెచ్చుట సాధ్యము కాదు. బడిపిల్లలపై బండి ఱ భారమును మోపుట ఉచితమును గాదు. అయినను బదిలీలపై ఊరూర తిరుగు మన కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలు ఇంటికంటె బడిలో ఇతర లిపులనే ఎక్కువగా చూచుచున్నారు. నైట్ అను మాటలోని పలుకని అక్షరములను కంఠస్థము చేయు పిల్లవానికి, భోజనమువేళ ఊఱగాయలోని ఱ ను గూర్చి ఒక్క మాట చెప్పుట కష్టము కాదు. అట్టి పిల్లవాడు ఏనాడైన ఎర్రబోరు మీదుగా పోవుచు నాగరిలో వ్రాసిన ఊరి పేరును చూచినపుడు, అందు దాగిన ఎఱుపును తనంత తానే గుర్తించును. పరాయి సీమ యనుకొన్నచోట తన భాష తనకంటె ముందే వచ్చియున్నదని గ్రహించును.